గుమాస్తా ఊరుకున్నాడు

వెనక గది నుంచి,
వానలు పట్టిన వారం.

బామ్మర్దికి,

నిజం చెప్తున్నాను, ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కలం తీశాను, పెట్టేశాను. కళ్లజోడు తుడిచాను. మీ అక్కని టీ అడిగితే "ఇప్పుడేగా తాగారు" అంది. చేయడానికి ఇంకే పనీ దొరక్క రాస్తున్నాను, నీ మీద ప్రేమ పొంగి మాత్రం కాదు.

నువ్వు పంపిన రెండు వాక్యాలూ చదివాను. "నేను తయారుచేసి ఇచ్చిన తనిఖీ కోడ్ నాడెలా ఉందో నేడూ అలాగే ఉంది. జరిగిన నష్టానికి కారణం కోడ్ రాసిన ఉద్యోగి అజాగ్రత్త." వీటి కింద సంతకం పెట్టి పంపమన్నావు. ఫోన్ చేస్తే నాకు వినపడదు, ఆఫీసు మెయిల్ విచారణవాళ్లు చదువుతున్నారు, అందుకని కాగితానికి దిగావు. పోనీలే, నీ చేతిరాత చూసి ఎన్నాళ్లయింది! చిన్నప్పటి కోడిగీతల్లో ఏ మార్పూ లేదు.

సంతకం పెట్టేవాడికి దేనికింద పెడుతున్నాడో తెలియాలి కదా. నాకు అర్థమైనంత రాస్తాను, తప్పుంటే దిద్దు. మీరు కోడ్ రాసిచ్చే పొదుగుడు ఫ్యాక్టరీలో గుడ్లు పెట్టే గదులు నలభై నాలుగు. గుడ్డుకి ముప్పై ఏడు డిగ్రీల వేడి కావాలి, కాస్త అటూ ఇటూగా. ఏ గదికి ఎంత వేడో యంత్రానికి చెప్పే ఫంక్షన్ ఒకటుంది. దానికి రెండు ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి. అంటే దాని చేతిలో రెండు విషయాలు పెట్టాలి, మొదట గది, తర్వాత వేడి. ఆ కోడ్ రాసిన మన పిచ్చుక అవి అటుదిటు పెట్టింది. నలభై ఒకటో గదికి ముప్పై ఏడు డిగ్రీలు వెళ్లాల్సింది, ముప్పై ఏడో గదికి నలభై ఒక్క డిగ్రీలు వెళ్లాయి. అలారం మోగలేదు. ఎందుకు మోగుతుంది? పెట్టమన్నది నలభై ఒకటి, ఉన్నది నలభై ఒకటి. దాని లెక్కలో అంతా భేషుగ్గా ఉంది. రేపోమాపో పిల్లలయ్యే గుడ్లు గదిగదంతా పెంకుల్లోనే ఉడికిపోయాయి.

పిచ్చుక అంటే ఎవరో నీకు చెప్పక్కర్లేదు, ఆ పేరు పెట్టింది నేనే. నేనింకా ఆఫీసులో ఉన్నప్పుడు, చేరిన కొత్తలో నా పక్క కుర్చీలో కూర్చుని, ఒక ప్రశ్నకి నేను జవాబు వెతుక్కునేలోగా ఇంకో మూడు వేసేది. నేనేమో పాత పుస్తకాలు తూకానికి కొని చదువుకున్నవాణ్ణి. సగం వాటికి అట్టలుండేవి కావు, ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు. ఒకదానికైతే చివరి అధ్యాయమే లేదు. ఆ లోటు నా ఉద్యోగమంతా కనపడుతూనే ఉందని నువ్వు ఆఫీసులో అందరినీ నవ్వించేవాడివి. ఆ పిల్ల ఒక్కతే నవ్వేది కాదు. "ఆ అధ్యాయంలో ఏముండేది మాస్టారూ?" అని అడిగింది.

ఎక్కడికో వెళ్లిపోయాను. నా ప్రశ్న ఒక్కటే. మన గుమాస్తా ఏమయ్యాడు? కొత్త కోడ్ యంత్రాల దగ్గరికి పోయేముందు వాడి బల్ల మీదుగా వెళ్లాలనేగా ఆ తనిఖీకి గుమాస్తా అని పేరు పెట్టుకున్నాం? ఏ ఫంక్షన్ చేతిలో ఏం పెడుతున్నారో ఒక్కొక్కటీ తడిమి చూసి, తేడా ఉంటే ఎర్రలైటు వేసుకుని కూర్చుంటాడు. యజమాని వచ్చి గడ్డం పట్టుకున్నా లేవడు. అలాంటివాడు ఎలా ఊరుకున్నాడు? అది చెప్పు, సంతకం సంగతి తర్వాత చూద్దాం.

మీ అక్క నువ్వు సరిగ్గా తింటున్నావా అని అడగమంది. అడిగాను.

నీ బావ


ఆఫీసు, రెండో అంతస్తు.

బావగారికి నమస్కారాలు.

రెండు వాక్యాల కింద సంతకం అడిగితే నాలుగు పేజీలొచ్చాయి. మీరు మారరు.

మీరు రాసిందంతా సరిగ్గానే ఉంది. విచారణ చేస్తున్నది ముగ్గురు. ఒకాయన లెక్కల విభాగం, ఒకావిడ లాయరు, మూడో ఆయన యజమానిగారి తోడల్లుడు. కోడ్ అంటే ఏమిటో ముగ్గురికీ తెలీదు, తెలుసుకోవాలని సరదా కూడా లేదు. తప్పు ఎవరిదో ఒక పేరు కావాలి, అంతే. ఆ అమ్మాయి తప్పు ఒప్పేసుకుంది. ఎవరూ ఒత్తిడి చేయలేదు. "నేనే రాశాను సార్. గుమాస్తా ఊరుకున్నాడు కదా, సరిగ్గానే ఉందనుకున్నాను" అంది. కళ్లనీళ్లు కూడా పెట్టుకోలేదు.

గుమాస్తా ఎక్కడికీ పోలేదు బావగారూ. తన బల్ల దగ్గరే ఉన్నాడు, ఆకుపచ్చ లైటే వేశాడు. రెండూ అంకెలేగా? అంకె ఉండాల్సినచోట అంకె ఉంది, వాడు మాత్రం ఏం చేస్తాడు? మీ చేతిలో తయారైనవాడు, మీలాగే వాడికీ కాస్త చెవుడనుకోండి.

ఆ అమ్మాయికి పెద్ద నష్టమేమీ లేదు. అజాగ్రత్త అని రాస్తారు, కొన్నాళ్లు పక్కన కూర్చోబెడతారు. చిన్న వయసు, అందరూ మర్చిపోతారు. మీ సంతకం ఒక్కటి వస్తే ఫైలు మూసేస్తారు.

అక్క కళ్లలో చుక్కలు వేళకి వేస్తున్నారా? ఆపరేషన్ అయిన కళ్లు, జాగ్రత్త. ఈ గొడవలేవీ ఆవిడ చెవిన వేయకండి.

మీ
బావమరిది


వెనక గది నుంచి,
వాన వెలిసింది, గోడలు ఆరలేదు.

బామ్మర్దికి,

నా చెవుడు మీద నువ్వు వేసిన జోకు మీ అక్కకి చదివి వినిపించాను. నవ్వింది. ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించాలి, డాక్టరు ఆవిడని అక్షరం చూడొద్దన్నాడు. కాబట్టి ఆవిడ చెవిన వేయొద్దంటే కుదరదు, ఆవిడకి ఇప్పుడు పనిచేస్తున్నవి చెవులే.

ఇక అసలు సంగతి. నేను కంప్యూటరు మొహం చూడకముందు ఓ మందుల షాపులో సీసాలు కడిగేవాణ్ణి. అక్కడి కాంపౌండరు మహా కోపిష్ఠి. నేను తప్పు చేస్తే తిట్టేవాడు, తప్పు చేయకపోతే ఎందుకు చేయలేదని అనుమానించేవాడు. ఆయన విషం మందులన్నీ ఆరు పలకల సీసాల్లో పెట్టేవాడు, మామూలువి గుండ్రటి సీసాల్లో. చీటీ ఊడిపోవచ్చు, దీపం ఆరిపోవచ్చు, కళ్లు ఎటో చూస్తుండవచ్చు. "చేతివేళ్లకే తెలియాలిరా వెధవా, బుర్రదాకా పోనవసరం లేకుండా" అనేవాడు. పుస్తకాల్లో నేను నేర్చుకున్నదంతా కలిపితే ఆ ఒక్క ముక్కకి సరిపోదు.

గుమాస్తాని కట్టినప్పుడు నేను చేసింది అదే. గదిని ఒక రకం సీసాలో పోశాను, వేడిని ఇంకో రకం సీసాలో. గుమాస్తాకి అంకెలు తెలీవు బామ్మర్దీ. వాడికి గది తెలుసు, వేడి తెలుసు. గది ఉండాల్సినచోట వేడి వస్తే, లోపల ముప్పై ఏడు ఉందా నలభై ఒకటి ఉందా అని కూడా చూడడు, పలకలు తగలగానే ఎర్రలైటు వేసేస్తాడు.

నువ్వేమో "రెండూ అంకెలేగా" అని రాశావు. నేను ఇచ్చిన రోజున అవి అంకెలు కావు. ఎవరో రెండిటినీ తెచ్చి ఒకే రకం గుండ్రటి సీసాల్లో పోశారు. నాడెలా ఉందో నేడూ అలాగే ఉందని సంతకం పెట్టమంటున్నావు. ఎవరు పోశారో చెప్పు.

నీ బావ


ఇంటి నుంచి. ఇది చదివి చించేయండి.

బావగారికి,

సరే, వినండి. నేనే.

పోయిన ఏడు కొత్త గదులు కలిపినప్పుడు గుడ్ల లారీలు గేటు బయట బారుగా నిలబడ్డాయి. కొత్త కోడ్ వెళ్తేగానీ గదులు తెరుచుకోవు. పాత కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ ఉత్త అంకెలే ఉన్నాయి, మీ గుమాస్తా ప్రతిదానికీ ఎర్రలైటే. ఒకటి సరిచేస్తే పది చూపిస్తాడు. యజమాని నా కుర్చీ వెనక నిలబడి "ఇంకా ఎంతసేపు?" అని అడుగుతున్నాడు, ఆయన ఊపిరి నా మెడకి తగులుతోంది. మీరైతే లేవకుండా కూర్చునేవారేమో. మీకేం, మీ మీద ఎవరూ అలా నిలబడలేదు. గదీ అంకే, వేడీ అంకే అని ఒక్క చోట మార్చాను. అన్ని లైట్లూ ఒక్కసారి ఆకుపచ్చగా వెలిగాయి. లారీలు లోపలికొచ్చాయి. సాయంత్రం అందరికీ టీ ఇప్పించారు. రద్దీ తగ్గాక మళ్లీ పెడదామనుకున్నాను. రద్దీ ఎప్పుడు తగ్గింది కనక?

ఆ అమ్మాయికి తెలీదు. ఎవరికీ తెలీదు. ఆ మార్పు మేమంతా వాడే ఉమ్మడి పేరు మీద ఎక్కింది, ఎవరిదని ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు చెప్పండి, నేనేం చేయాలి? ఈ వయసులో నన్ను బయటికి పంపితే ఎవరు తీసుకుంటారు? ఆ అమ్మాయికి ఇంకా ముప్పై రాలేదు, నాలుగు చోట్ల అడిగితే ఒక చోట దొరుకుతుంది. అసలు నేను యజమాని దగ్గర కూర్చుని ఒప్పించకపోతే మీ గుమాస్తా ఆ వెనక గదిలోనే చెదలు పట్టేవాడు. అదైనా గుర్తుపెట్టుకోండి.

అక్కకి చదవకండి. అడిగితే మామూలు సంగతులేనని చెప్పండి.

మీ
బావమరిది


వెనక గది నుంచి.

బామ్మర్దికి,

చదివాను. పైకే చదివాను. "సరే, వినండి" దాకా వచ్చి ఆగాను. మీ అక్క కళ్లకి గంతలతో మంచం మీద కూర్చుని ఉంది.

"ఆపారేం?"

"ఏం లేదు, మామూలు సంగతులే."

"మామూలు సంగతులకి మీ గొంతు ఎందుకు మారింది? వాడికేమైనా రోగమా?"

"రోగం కాదు."

"అయితే చదవండి. నా తమ్ముడి ఉత్తరంలో నేను వినకూడనిదేముంది?"

చదివాను, ఒక్క ముక్క వదలకుండా. ఆవిడ చేయి చాపి "ఇలా ఇవ్వండి" అంది. చూడ్డానికి కాబోలు అనుకుని, డాక్టరు మాట గుర్తుచేయబోయాను. కాగితం పట్టుకుని గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లి పొయ్యిలో పెట్టింది. తిరిగొచ్చి, "వాడు చించేయమన్నాడుగా" అంది. తర్వాత, "సంతకం పెట్టి ఇచ్చేయండి. అమ్మ పోయాక వాడు నా చేతుల మీద పెరిగినవాడు" అంది. ఇన్నేళ్ల కాపురంలో నా పనిలో ఆవిడ ఇచ్చిన మొదటి సలహా ఇది.

పెట్టేవాణ్ణేమో. చెడ్డవాణ్ణి కావడం పెద్ద కష్టమేమీ కాదు, చేతిలో కలం ఉంటే చాలు. కానీ ఇవాళ పిచ్చుక వచ్చింది. మనిషి సగమైంది. నా సంతకం సంగతి ఎత్తలేదు, ఉద్యోగం మాట ఎత్తలేదు. తలుపు దగ్గర చెప్పులైనా విడవకుండా మొదలుపెట్టింది.

"మాస్టారూ, ఒక్కటే అడుగుతాను. అది గుమాస్తాని దాటి ఎలా వెళ్లింది?"

"కూర్చోమ్మా."

"తప్పు నాదే మాస్టారూ. నేనే అటుదిటు రాశాను. కానీ అలాంటి తప్పులు నేను ఇదివరకూ చేశాను, ప్రతిసారీ వాడు పట్టుకున్నాడు. ఈసారి ఎందుకు ఊరుకున్నాడు? నన్ను చూడనివ్వడం లేదు, నా కంప్యూటరు తీసేసుకున్నారు. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. ఆ గది కడుగుతుంటే వెళ్లి చూశాను. ఒక గుడ్డుకి ముక్కు తగిలినంత చిల్లు ఉంది మాస్టారూ. లోపల్నుంచి."

నాకు జవాబు తెలుసు. మీ అక్క తలుపు పక్కన నిలబడి, గంతలున్న మొహం నావైపు తిప్పి ఉంది. "కనుక్కుంటానమ్మా" అన్నాను. ఇంతకన్నా చవకబారు మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

ఆ పిల్ల వెళ్లాక మీ అక్క తడుముకుంటూ తలుపు గడియ వేసింది. "వెళ్లి చెప్పిరండి. నేనూ వస్తాను, మీకు వినపడదు కదా" అంది.

గురువారం విచారణకి వస్తున్నాం. నువ్వే ముందు నోరు తెరిచి చెప్పేస్తే నేను బయట బెంచీ మీదే కూర్చుని టీ తాగి వెళ్లిపోతాను. దారి నీకు వదులుతున్నాను.

నీ బావ


ఆఫీసు, రెండో అంతస్తు.
చలి మొదలైంది.

బావగారికి నమస్కారాలు.

అంతా సర్దుకుంది. ముందుగా ఆ మాట చెబుదామని రాస్తున్నాను.

మీరు వచ్చి నా పేరు చెప్పినందుకు నాకేమీ కోపం లేదు. మీ మనసు మీది. మీరు బయటికి వెళ్లాక నన్ను అడిగారు, మీ గురించి గౌరవంగానే మాట్లాడాను. మీరు చెప్పినదాన్ని బట్టి ఇంకో కంపెనీ నుంచి ఒకాయన్ని పిలిపించి గుమాస్తాని విప్పించి చూశారు. మీరన్నట్టే లోపల మార్చి ఉంది, మీ మాట నిజమని తేలింది. మీకు సంతోషమే కదా.

ఎవరు మార్చారనేది తేలాల్సిన ప్రశ్న. ఉమ్మడి పేరు కాబట్టి కాగితం మీద ఏమీ లేదు. ఆ పని తెలిసినవాళ్లు ఆఫీసులో ఇద్దరు ముగ్గురే. చివరికి వాళ్లకి తోచినట్టు రాసుకున్నారు. ఆ అమ్మాయిని పంపించేశారు. అజాగ్రత్త అని కాదు, తన పని సులువు చేసుకోవడానికి తనిఖీని మార్చిందని రాశారు. నేను వద్దనే అన్నాను, వినలేదు.

గుమాస్తాని కూడా తీసేశారు. ఎలాగూ ఆపలేకపోయాడు కదా, ఉండి లాభమేమిటని యజమానిగారి తోడల్లుడు అడిగాడు. ఇప్పుడు కోడ్ చకచకా వెళ్లిపోతోంది.

ఆదివారం వద్దామనుకుంటున్నాను. అక్కకి గంతలు తీశారట కదా, చూడాలని ఉంది. మధ్యాహ్నం భోజనానికి ఉంటాను.

మీ
బావమరిది


వెనక గది నుంచి.

బామ్మర్దికి,

మీ విచారణ గది తలుపు సరిగ్గా పడదు. బాగు చేయించండి. నేను బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాను, నాకు ఒక్క ముక్కా వినపడలేదు. మీ అక్కకి అన్నీ వినపడ్డాయి. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. నీ ఉత్తరం చదివి వినిపించి, "గౌరవంగానే" అన్నచోట నేను తలాడిస్తుంటే అప్పుడు చెప్పింది.

"మా బావగారికి మతి నిలకడగా ఉండటం లేదండీ, జరగనివి జరిగాయంటారు. ఇంట్లో మా అక్కే ఆయనతో పడలేకపోతోంది." ఇది నీ మొదటి మాట. లాయరమ్మ అయ్యో అందట. "తనిఖీ మార్చారన్నది మాత్రం చూడదగ్గ విషయమే. అది మార్చే తెలివి ఆ అమ్మాయికే ఉంది, బావగారే కూర్చోబెట్టి నేర్పారు." ఇది రెండోది. నేను చెప్పినదాంట్లో నీకు పనికొచ్చేది ఉంచుకుని, మిగతాది నా మతి మీద పారేశావు. ఇంత శుభ్రంగా ఏరడం నా గుమాస్తాకి కూడా చేతకాదు.

నిన్న పిచ్చుక ఉండే గదికి వెళ్లాను. షాపుల మీద మూడో అంతస్తు, నా మోకాళ్లకి అది రెండు జన్మల ఎత్తు. సామాన్లు సర్దుకుంటోంది. మంచం ఒక్కటే ఖాళీగా కనపడితే కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను, ఎవరు మార్చారో, ఎప్పుడు, ఎందుకు. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నేను ఆ పిల్లని అలా ఎప్పుడూ చూడలేదు.

అంతా విని, "అయితే మీరు వెళ్లి చెప్పకపోయుంటే, నాది ఉత్త అజాగ్రత్తే అయ్యుండేది" అంది.

"అవునమ్మా."

"ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతారు మాస్టారూ. వాళ్లు ఈ మాటే చెప్తారు."

నీ పేరూ, నేను చూసినదీ ఎక్కడ కావాలంటే అక్కడ రాసిస్తానన్నాను. "మతి లేదని రాసుకున్నారుగా" అంది. వెటకారంగా అనలేదు, నాకు గుర్తుచేసినట్టు అంది. కాసేపటికి, "కొంచెం లేస్తారా మాస్టారూ, మీరు నా దుప్పటి మీద కూర్చున్నారు" అంది. లేచాను. మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంది.

ఇదంతా మీ అక్కకి చెప్పాను. "ఆ కాగితం కాల్చకుండా ఉండాల్సింది" అంది. ఆవిడ కళ్లు బాగానే ఉన్నాయి. గంతలు తీశాక మొదట గోడ మీద మీ అమ్మ ఫొటో చూసింది, తర్వాత కిటికీ చూసింది.

ఆదివారం రావద్దని రాయమంది. రాస్తున్నాను.

మీ ఇంటి తాళంచెవి ఒకటి మా దగ్గర ఉండేది. మీ అక్క ఇవాళ పొద్దున అది కొక్కెం మీంచి తీసి ఈ కవర్లో వేసింది. కవరు మూత పడటం లేదు. టేపు అంటించాను.